మూడో సైరన్

మొన్న మా కాలనీ హాల్లో ఒక సభ జరిగింది. రిటైరైన కార్మికులకు శాలువాలు కప్పే సభ. మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి ఈ బొగ్గు నేల గొప్పలు చెప్పుకుంటూ వచ్చి, ఆ ఫుట్‌బాల్ ఆట దగ్గర ఆగాడు. సముద్రాలు దాటి ఒక పరాయి దేశపు ఆడపిల్లల జట్టు వచ్చి, మన దేశపు ఆడపిల్లలతో మన గ్రౌండు మీద ఆడిందని, అంతటి భాగ్యం పెద్ద పెద్ద పట్నాలకే దొరకలేదని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో కూడా చెప్పాడు, సరిగ్గానే చెప్పాడు. ఆ సాయంత్రం సైరన్ ఎందుకెందుకు మోగిందో మాత్రం చెప్పలేదు. మరిచిపోయాడంటే నేను నమ్మను. ఆ రోజు మైకు పట్టుకున్న ఆటల కమిటీలో ఆయనా ఉన్నాడు.

నాకు కప్పిన శాలువా కుర్చీ మీదే పెట్టి వచ్చేశాను.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. యూనియన్ ఆఫీసులో పడి ఉండే పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ముందు ఆటల పేజీ చదివేవాణ్ణి. అందులో అబద్ధాలు తక్కువని నా నమ్మకం. గెలిచినవాడు గెలిచాడని, ఓడినవాడు ఓడాడని ఉంటుంది. మిగతా పేజీల్లో అట్లా ఉండదు. ఆ ఆట అయిన మర్నాడు తెలిసింది, ఆటల పేజీలో కూడా సగమే ఉంటుందని.

ఎనభైల చివరి మాట ఇది. గోదావరిఖనికి అవతల మా గని, గనికి ఆనుకుని మా లేబర్ లైన్లు, లైన్లు దాటితే గ్రౌండు. మాకు సైరనే గడియారం. షిఫ్టు మారే వేళకు మోగేది. నీళ్లు పట్టుకోవడం, అన్నం దించడం, పిల్లల్ని బడికి తోలడం అన్నీ దాన్ని బట్టే. వేళకు మోగితే ఎవరూ తల కూడా తిప్పరు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం గనిలో ఏదో జరిగినట్టు. అప్పుడు ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలేసి ఉరుకుతారు. కూర మాడిపోనీ, చంటిపిల్ల ఏడవనీ, పోయి గని గేటు దగ్గర నిలబడతారు. పైకి తెచ్చిన మనిషికి సోయి ఉంటే అతను మొదట చూసేది ఆ గేటు దిక్కే. తనవాళ్ల మొహం కనబడిందా, సగం దెబ్బ మానినట్టు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. అయినా మా ఆడవాళ్లలో ఈ రూలు తప్పినవాళ్లను నేను చూడలేదు.

మా చెల్లె మొగుడు, అంటే మా బావ, కోల్‌ఫిల్లర్. పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బుల్లో నింపే పని. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. వయసులో ఉన్నప్పుడు ఆడి మోకాలు చెడగొట్టుకున్నాడు. ఆ తర్వాత చూడటమే పని. శ్రీరాంపూర్‌లో ఆట ఉన్నా, బెల్లంపల్లిలో ఉన్నా, దొరికిన లారీ ఎక్కి పోయేవాడు. పోయి వచ్చి, అన్నం ముందు కూర్చుని మా చెల్లెకు ఆటంతా చెప్పేవాడు. చెంబు గోల్ కీపర్, ఉల్లిగడ్డ బంతి. పిల్లలు లేరు వాళ్లకు. ఆ క్వార్టర్‌లో వినబడే సందడి ఆ ఆట ముచ్చటే.

ఆడపిల్లల ఆట పడ్డ వారం ఆయనది సెకండ్ షిఫ్టు. డ్యూటీ మార్చుకుందామని లైన్లన్నీ తిరిగాడు. అందరూ ఆట చూద్దామనుకునేవాళ్లే, ఎవరు మార్చుకుంటారు? ఆట ముందు రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మా చెల్లె, తను కూడా పోనంది.

“నువ్వు లేంది నేను పోయి ఏం జేస్త? నాకేం సమజైతది?”

“నాకు బదులు నువ్వు చూడాలె,” అన్నాడు బావ. “మొదటి సంది ఆఖరుదాక కూసోవాలె. మధ్యల లేచొస్తే ఊకోను. నేనొచ్చినంక ఒక్కటి ఇడువకుంట చెప్పాలె.”

“గోల్ల పడ్డదా, పడలేదా, గంతే చెప్త. మిగతాది నాకు రాదు.”

“గోల్ల పడ్డది పేపర్ల ఉంటది. మీ అన్న చదివి చెప్తడు. పడనిది చెప్పు నువ్వు.”

“పడనిది గూడ చెప్పాల్నా? గిదేం కొలువయ్యా నాకు?” అని నవ్వింది. పోవడానికి ఒప్పుకుంది.

ఆ రోజు గ్రౌండు నిండిపోయింది. షామియానా కింద సోఫాల్లో అధికారులు, వాళ్ల భార్యలు. తాళ్ల వెంబడి మగవాళ్లు. మా లైన్ల ఆడవాళ్లకు ఒక గోల్ పోస్టు వెనక గడ్డి మీద చోటిచ్చారు. బంతి వచ్చి మొహాన తగులుతుందని మగవాళ్లు వదిలేసిన చోటు అది. మగవాళ్లలో సగం మంది ఏం చూడటానికి వచ్చారో చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, సిగ్గు వాళ్లకుండాలి. నా పక్కనే ఒకడు, “మామా, అద్దాలు తెచ్చుకోలేదేంది?” అంటే, ఆ మామ అనేవాడు, “నిక్కర్లు చూసెటందుకు అద్దాలెందుకురా?” అన్నాడు. నెరిసిన మీసం ఉంది వాడికి. ఇంట్లో ఎదిగిన ఆడపిల్లలున్నారు.

ఇక సైరన్ సంగతి. ఆట మొదట్లో, మధ్యలో, ముగిసినప్పుడు గని సైరన్ మోగించాలని కమిటీలో ఎవరికో తోచింది. వచ్చిన అతిథులకు మన గని గొంతు వినిపించాలట. సైరన్ దగ్గరి మనిషికి ఫోన్‌లో చెప్పారు. లైన్లలో ఒక మాట చెప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? సైరన్ విని ఉరికిన కాళ్లు ఆ సోఫాల ముందు ఒక్కటీ లేదు.

రెండు జట్లూ గ్రౌండు మధ్యలో వరసగా నిలబడ్డాయి. సైరన్ మోగింది.

గోల్ పోస్టు వెనక ఆడవాళ్లంతా ఒక్క మనిషిలాగా లేచారు. అరుపు లేదు, ఏడుపు లేదు. చంకలో పిల్లలతో, కొంగులు బిగించుకుని, గ్రౌండు అంచు వెంబడి ఉరికారు. అందరికంటే ముందు మా చెల్లె. తాళ్ల దగ్గరి మగవాళ్లం కూడా కొందరం వాళ్ల వెనక పరిగెత్తాం. ఆడటానికి వచ్చిన పిల్లలు, మన పిల్లలూ పరాయి పిల్లలూ, తలలు తిప్పి మమ్మల్నే చూస్తున్నారు. మేం గేటు చేరేసరికి వాచ్‌మన్ బీడీ కాలుస్తున్నాడు.

“ఏందవ్వా, ఊరంత గిట్లొచ్చిన్రు? ఏం గాలే. బాల్ ఆట షురువైతుందని కొట్టమన్నరు, కొట్టినం.”

“ఆటకు సైరన్ కొట్టుడేందిరా,” అంది ఒక ముసలామె, మోకాళ్లు పట్టుకుని రొప్పుతూ. “మీ పెండ్లాలు ఎన్నడన్న ఉరికిన్రా గీ కూతకు?”

మా చెల్లె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఒక చెప్పు దారిలో ఎక్కడో పడిపోయింది. కాసేపటికి లేచి, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా అందరం తిరిగి వచ్చాం. మేం వచ్చేసరికి ఆట నడుస్తోంది. షామియానా కింద నవ్వులు. మైకులోంచి మాట వచ్చింది.

“తల్లులారా, అక్కలారా, భయపడకండి. ఇది ఆట సైరన్. ఇంకా రెండుసార్లు మోగుతుంది. ఎవరూ లేవకండి. విదేశీ అతిథులు చూస్తున్నారు, మన పరువు తీయకండి.”

అక్షరం మార్చకుండా రాస్తున్నాను. పరువు అన్నాడు.

ఆట గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆ పిల్లలు ఆడిన ఆట మా మగ జట్ల ఆటకు ఏమాత్రం తీసిపోదు. మన జట్టులో ఎడమ దిక్కు ఆడే బక్కపిల్ల ఒకతె, తనకంటే తలెత్తు పొడుగున్న వాళ్ల మధ్య నుంచి బంతిని నీళ్లలో చేపలాగా తీసుకుపోయింది. ఒకసారి ఆమెను అడ్డం తగిలి పడగొడితే మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి, మట్టి దులుపుకోకుండానే మళ్లీ పరిగెత్తింది. అప్పుడు మా తాళ్ల దగ్గర వెకిలి మాటలు ఆగిపోయాయి. ఆ మీసాల మామ కూడా “దెబ్బ తాకింది పొల్లకు” అన్నాడు. ఆడవాళ్ల దిక్కు నుంచి కేకలు వినబడుతున్నాయి.

“గా పొడుగు పిల్లను సూడే. దాని ఇంటికి సున్నమేసెటందుకు నిచ్చెన అక్కెరలేదు.”

“ఉరుకు బిడ్డా, ఉరుకు. ఆగినవంటె పట్టుకుంటది అది.”

సగం ఆట అయింది. సైరన్ మళ్లీ మోగింది. ఆడవాళ్ల చేతులు కొంగుల మీదికి పోయాయి. కొందరు సగం లేచారు. “కూసోండ్రే, ఆట సైరనే,” అని ఎవరో అంటే కూర్చున్నారు. జట్లు దిక్కులు మారాయి. పరాయి జట్టు గోల్ కీపర్ ఇప్పుడు మా ఆడవాళ్ల ముందుకొచ్చి నిలబడింది. పొడుగు మనిషి, పసుపుపచ్చటి జుట్టు బిగించి ఒక్క జడ వేసుకుంది.

రెండో సగం బాగా నడిచాక, ఆట ముగియడానికి ఇంకా కొంత టైం ఉండగానే, మూడోసారి సైరన్ మోగింది. రిఫరీ చేతి గడియారం చూసుకుని ఆడమన్నట్టు సైగ చేశాడు. మైకు నవ్వింది.

“మన సైరన్ తాత కొంచెం తొందరపడ్డట్టున్నాడు. ఆట ఇంకా ఉంది. ఎవరూ లేవకండి, ఎవరూ లేవకండి.”

అందరూ నవ్వారు. ఆడవాళ్ల దిక్కు నుంచి కూడా నవ్వు వినబడింది. నేనప్పటికి షామియానా పక్కకు వచ్చి ఉన్నాను. సైరన్ దగ్గరి మనిషిని నేనెరుగుదును. వేళ తప్పే మనిషి కాదు. కమిటీ వాళ్ల బల్ల దగ్గరికి పోయి అడిగాను.

“సార్, ఒక్కపారి బాయికి ఫోన్ జేసి అడుగున్రి.”

బాయి అంటే గనే. మేమందరం అట్లాగే అంటాం.

“ఫోన్ ఆఫీసుల ఉన్నదయ్యా. ఆటైనంక చూద్దాం. వాళ్లంటే సదువు లేనోళ్లు. పేపర్ చదివెటోనివి, నువ్వు గూడ గిట్లంటె ఎట్ల?” అన్నాడు బల్ల దగ్గరి మనిషి. మొన్న హాల్లో మాట్లాడింది ఈయనే.

నేను గని దిక్కు నడిచాను. సగం దూరం పోయాక నడక పరుగైంది.

గని లోపల పైకప్పు కూలింది. బావ ఒక్కడే దాని కింద పడ్డాడు. తోటివాళ్లు చేతులతోనే రాళ్లు తీసి ఆయన్ను స్ట్రెచర్ మీద వేసి తెచ్చారు. నేను పోయేసరికి ఇన్‌క్లైన్, అంటే గనిలోకి దిగే ఏటవాలు దారి, దాని నోట్లోంచి బయటికి తెస్తున్నారు. నడుం కింద ఏమీ కదలడం లేదు. మొహం నిండా బొగ్గు, కళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. ఆ కళ్లు గేటు దిక్కు చూశాయి. ఎప్పుడు సైరన్ మోగినా జాతరలాగా నిండే ఆ గేటు దగ్గర వాచ్‌మన్, ఒక చాయ్ అమ్మే ముసలాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒక్క ఆడమనిషి లేదు. నేను దగ్గరికి పోయి మొహం మీద మొహం పెట్టాను.

“అది రాలేదా?” అన్నాడు.

“గ్రౌండుల ఉన్నది బావ. ఇప్పుడే ఉరికిపోయి తోలుకొస్త.”

“ఆటైపోయిందా?”

“ఇంకా కాలే.”

“అయితే చూడనియ్యి. మధ్యల లేపకు. నేనే చెప్పిన దానికి.”

ఆ మాట అంటున్నంతసేపూ ఆయన గేటు దిక్కే చూస్తున్నాడు. ఈ రెండూ నేను చూశాను. ఆయనన్న మాటా నిజమే, ఆ చూపూ నిజమే.

నా చెయ్యి ఆయన వదల్లేదు. అంబులెన్సులో పక్కన నేనే కూర్చున్నాను. చెల్లెను తీసుకురమ్మని వాచ్‌మన్‌ను గ్రౌండుకు తోలాను. దవాఖాన దారి గ్రౌండు గోడ వెంబడే పోతుంది. మేం అక్కడ పోతున్నప్పుడు లోపలి నుంచి పెద్ద కేక లేచింది, గోల్ పడ్డ కేక. బావ పెదవులు కదిలాయి. ఎవలు కొట్టిన్రని అడిగినట్టుంది. నాకు తెలియదు, చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

మా చెల్లె ఒంటి చెప్పుతో వచ్చింది. డాక్టర్ చెయ్యగలిగింది చేసి పక్కకు జరిగాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుని మొగుడి చెవి దగ్గరికి వంగింది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు, ఆట చెప్పడం మొదలుపెట్టింది.

“మనోళ్లల ఒక బక్కపిల్ల ఉన్నదయ్యా, ఎడమ దిక్కు. రెండుసార్లు పోస్టు దాక పోయింది, పడలే. ఒకపారి కట్టెకు తాకి బయటపడ్డది. ఇంకోపారి గా పొడుగు పిల్ల ఇట్ల పక్కకు పడి పట్టింది, రెండు చేతులతోని. పడనివన్ని చెప్తున్న, ఇంటున్నవా? పడ్డది ఆఖర్ల చెప్త...”

అప్పటికి బావ తల్లి వచ్చింది. రామగిరి దిక్కు ఊరి నుంచి వచ్చి పెద్దకొడుకు దగ్గర ఉండేది. గుమ్మంలో నిలబడి విన్నది. కడుపు కాలిన తల్లి, ఆమెను నేనేమీ అనను. “కొడుకు పానం పోతుంటె దీనికి ఆట ముచ్చట్లా” అని కుప్పకూలింది. మా చెల్లె ఆగలేదు. దీపాలు పెట్టే వేళకు ఆయన పోయాడు. పడ్డ గోల్ సంగతి చెప్పేదాకా ఆగలేదు మనిషి.

తల్లి అన్న ఆ ఒక్క మాట తెల్లారేసరికి లైన్లన్నీ తిరిగింది. నల్లా దగ్గర, రేషన్ దుకాణం దగ్గర ఇదే ముచ్చట. మొగుడు బాయిల ఉండంగ ఆడిది బాల్ ఆట చూస్తదా? సైరన్ మోగితే కదల్లేదట. పక్క మీద పడి ఆట కథ చెప్పిందట. అదే గోల్ పోస్టు వెనక, అదే గడ్డి మీద, పక్కపక్కనే కూర్చుని నవ్విన ఆడవాళ్లే అన్నారు. వాళ్ల మొగుళ్లు ఆ షిఫ్టులో లేరు, లేదా ఉండి నడిచి పైకి వచ్చారు. అంతే తేడా. తామూ లేవలేదని ఒక్కరన్నా ఒప్పుకుంటే ఆ మాట అక్కడే చచ్చిపోయేది.

సంతాప సభలో కమిటీ మనిషి మాట్లాడాడు. సైరన్ పద్ధతి ప్రకారమే మోగిందని, కుటుంబ సభ్యులు సమయానికి చేరుకోలేకపోవడం దురదృష్టమని అన్నాడు. నేను లేచాను.

“మీరే కూసోమన్నరు. మైకుల చెప్పిన్రు, లేవకున్రని. పరువు తియ్యకున్రని.”

మైకు నా దగ్గరికి రాలేదు. “బాధల ఉన్నడు, కూసోబెట్టున్రి” అన్నారు. నన్ను కూడా కూర్చోబెట్టారు. చూడనియ్యమన్నది బావే అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. తోడబుట్టింది కదా, కప్పుకుంటడు, అన్నారు. అట్లా మా చెల్లెకు ‘ఆట చూసినామె’ అని పేరు పడింది. తొంభైల్లో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే ఆ పేరుతోనే పిలిచేవాళ్లు.

ఇన్నేళ్లుగా ఆమె మా ఇంట్లోనే ఉంది. మొన్న సభ నుంచి నేను వచ్చేసరికి వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. హాలు మైకు మా ఇంటిదాకా వినబడుతుంది.

“చప్పట్లు గొట్టిన్రేంది అన్న?”

“మన దగ్గర ఆట జరిగిందని.”

“మూడోది చెప్పిన్రా?”

“చెప్పలే.”

రాళ్లు ఏరుతూనే ఉంది. తల ఎత్తకుండానే అంది.

“ఒకటి నీకు గూడ చెప్పలే నేను. మూడోపారి కూసినప్పుడు గా గోల్ కాడి పిల్ల, ఒక్క జడ పిల్ల, ఆట ఇడిచిపెట్టి మా దిక్కు మల్లింది. మేం మొదాల ఉరికింది చూసింది గదా. ఉరుకరేంది అన్నట్టు చెయ్యి జూపెట్టింది. అందరి ముందల నేనే ఉన్న, నా మొహమే చూసింది. నేను చెయ్యూపిన అన్న. ఏం లేదు బిడ్డా, నువ్వు ఆడు అని.”

“మైకోడు నీకు చెప్పిందే నువ్వు ఆ పిల్లకు చెప్పినవు,” అన్నాను. “దాంట్ల నీదేమున్నది?”

“గది నాకెరికే. కని చెయ్యి నాది గదా.”

చాట పక్కన పెట్టింది. ఆ చేతిని ఒడిలో పెట్టుకుంది. సముద్రాల అవతలి నుంచి వచ్చిన పిల్లకు అనుమానం వచ్చింది. గని పక్కనే పుట్టి పెరిగి, షామియానా కింద కూర్చున్నవాళ్లకు రాలేదు. ఆ పిల్ల ఎవరో, ఎక్కడుందో, ఆ చెయ్యి ఊపిన మనిషి ఎవరో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

“నువ్వు రాస్తవు గదా కాయితాల మీద,” అంది మా చెల్లె లేస్తూ. “గిది రాయి. నా పేరొద్దు, ఆయన పేరొద్దు. కూసోమన్నరు, కూసున్నమని రాయి.”